చెన్నైలో ప్రోస్టేట్ క్యాన్సర్ వైద్యం: సిట్టింగులు ఎన్నో అడగకుండా గది తీసుకోకండి

గ్రీమ్స్ రోడ్డు పక్క లాడ్జీలో గది రోజుకు 1,400. టిఫిన్లకు లోటు లేదు, తెలుగు అడుగడుగునా వినిపిస్తుంది. కోపమల్లా మొదట వెళ్లిన ఆసుపత్రి మీదే. పెదనాన్నకు రేడియేషన్ 37 సిట్టింగులన్నారు, 2,80,000 అని రాసిచ్చారు. ప్లానింగ్ సీటీ, ఎంఆర్ఐ కలిపి 21,500 అందులో లేదని బిల్లు దగ్గరగానీ తేలలేదు. 20 సిట్టింగుల పద్ధతి ఉందని రెండో డాక్టరు చెప్పేదాకా ఎవరూ నోరు విప్పలేదు.

వారానికి ఐదు రోజులే పెడతారు. సోమవారం మొదలుపెడితే 37కు 51 రోజుల బస, 71,400. ఇరవైకి 26 రోజులు, 36,400. ఇది తక్కువరకం వైద్యం కాదు. బ్రిటన్‌లోని చిప్ పరిశోధనలో 60 గ్రే (రేడియేషన్ కొలత) మోతాదు 20 సార్లుగా ఇచ్చినా, 74 గ్రే 37 సార్లుగా ఇచ్చినా రోగం ఒకేలా అదుపులో ఉంది. గ్రంథి దాటని, మరీ తీవ్రం కాని రోగానికి ఐదు సిట్టింగుల ఎస్‌బీఆర్‌టీ (గురి చూసి ఒక్కోసారి ఎక్కువ మోతాదు ఇచ్చే రేడియేషన్) కూడా ఉంది. రోజు విడిచి రోజైతే పది రోజుల్లో ఊరెళ్లొచ్చు. మూత్రం ఇబ్బందులు మాత్రం కాస్త ఎక్కువ.

అసలు చిక్కు నీళ్లతో. ప్రతి సిట్టింగుకు ముందు దొడ్డికెళ్లి, మూత్రం పోసి, అరలీటరు తాగి ముప్పావుగంట ఆగాలి. మూత్రాశయం నిండితే పేగులు పైకి జరుగుతాయి, వాటికి రేడియేషన్ దెబ్బ తగ్గుతుంది. వెనక మలద్వారం పేగులో గ్యాసు నిండితే ప్రోస్టేట్ ముందుకు జరుగుతుంది, బల్ల మీంచి దింపేస్తారు. రెండుసార్లు దింపాక పెదనాన్న రోజంతా మాట్లాడలేదు. శనగలు, రాజ్మా మానేయండి, మలబద్ధకం రానివ్వకండి.

చెన్నై తరమణిలో 2019 నుంచి ప్రోటాన్ (ఎక్స్‌రేలకు బదులు ప్రోటాన్ కణాలతో ఇచ్చే రేడియేషన్) ఉంది. ఖర్చు ఎన్నో రెట్లు. అమెరికాలో మామూలు రేడియేషన్‌తో పోల్చి చూస్తే రెండేళ్లకు పేగుల ఇబ్బందిలో తేడా కనబడలేదు. దానికోసం పొలం అమ్మొద్దు.

ప్రోస్టేట్ తీసేసే రోబో ఆపరేషన్ తర్వాత వారం, పది రోజులు కాథెటర్ (మూత్రం గొట్టం, సంచి) ఉంటుంది. రైల్లో కింది బెర్తే తీసుకోండి, సంచి ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి.

రోగం ఎముకలకు పాకినవాళ్లకు మగ హార్మోన్ తగ్గించాలి. మూడు నెలలకోసారి సూది, లేదా ఒక్కసారి ఖర్చుతో వృషణాలు తీసే చిన్న ఆపరేషన్. హార్మోన్ రెండింట్లోనూ పడిపోతుంది. సూదే కావాలంటే చీటీ రాయించుకుని ఒంగోల్లాంటి మీ దగ్గరి ఊళ్లోనే వేయించుకోండి, దానికి చెన్నై రైలెక్కక్కర్లేదు.