లినక్స్‌లో సొంత లాగిన్ ప్రోగ్రామ్: షాడో ఫైలు నేరుగా చదవాలా, పామ్‌కి అప్పజెప్పాలా?

సీ భాషలో చిన్న లాగిన్ ప్రోగ్రామో, స్క్రీన్ లాకరో, అడ్మిన్ ప్యానెలో రాయడానికి కూర్చున్న ప్రతివాళ్లూ అడిగే ప్రశ్నే ఇది. యూజర్ల పాస్‌వర్డ్ వివరాలుండే షాడో ఫైల్లోంచి హ్యాష్ (పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చినది) తీసి, క్రిప్ట్ అనే హ్యాష్ కట్టే ఫంక్షన్‌తో పోల్చేస్తే ఇరవై లైన్లలో పని అయిపోతుంది కదా, మధ్యలో ఈ పామ్ (లాగిన్ తనిఖీలను ప్రోగ్రాముల బదులు చేసిపెట్టే మాడ్యూళ్ల వ్యవస్థ) గోల ఎందుకని. ఆ ఇరవై లైన్లు నిజంగానే పనిచేస్తాయి. చిక్కల్లా పాస్‌వర్డ్ సరిపోయాకే మొదలవుతుంది.

ముందు నేరు దారి చూద్దాం. గెట్‌ఎస్‌పీనామ్ ఫంక్షన్‌తో షాడో ఫైల్లోని యూజర్ వివరాలు తెచ్చుకుని, అందులో ఉన్న హ్యాష్‌నే సాల్ట్ (హ్యాష్ కట్టేటప్పుడు పాస్‌వర్డ్‌కి కలిపే అదనపు అక్షరాలు) స్థానంలో ఇచ్చి క్రిప్ట్‌ని పిలిచి, వచ్చిన ఫలితాన్ని పాత హ్యాష్‌తో పోలుస్తాం. ఇంత చిన్న పనిలోనూ కాలు జారే చోట్లు ఉన్నాయి. లాక్ చేసిన ఖాతా హ్యాష్ ముందు "!" ఉంటుంది. అది చెల్లని సాల్ట్. లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.17 నుంచి ఆ లైబ్రరీలోని క్రిప్ట్ దానికి నల్ తిప్పిపంపేది. నల్‌ని పట్టుకెళ్లి స్ట్రింగ్ పోలిక చేస్తే ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది. ఇప్పుడు క్రిప్ట్‌ని ఇచ్చే లిబ్‌ఎక్స్‌క్రిప్ట్ లైబ్రరీ అయితే నల్ బదులు "*0" లాంటి గుర్తు ఇస్తుంది. రెండింటినీ విఫలం కిందే లెక్కేయాలి.

హ్యాష్ రకం ఇంకో తలనొప్పి. డెబియన్ 11, ఉబుంటు 22.04, ఫెడోరా 35 నుంచి డిఫాల్ట్ హ్యాష్ యెస్‌క్రిప్ట్. అంతకుముందు $6$తో మొదలయ్యే షా-512 ఉండేది. ఆల్పైన్ లినక్స్ వాడే మజల్ అనే సీ లైబ్రరీకి షా-512 తెలుసు, యెస్‌క్రిప్ట్ తెలియదు. అందుకే ఆల్పైన్‌లో స్టాటిక్‌గా కట్టిన ప్రోగ్రామ్‌ని తెచ్చి డెబియన్ మీద నడిపితే సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తప్పంటుంది. తప్పు మీ పోలికలో ఉందనుకుని గంటలు వెతుకుతారు.

లేని యూజర్ పేరు ఇచ్చినప్పుడు క్రిప్ట్‌ని పిలవకుండా వెంటనే "తప్పు" అనేస్తే, జవాబు వచ్చిన వేగాన్ని బట్టే ఏ పేర్లు ఉన్నాయో బయటివాడికి తెలిసిపోతుంది. ఉత్తుత్తి హ్యాష్ ఒకటి పెట్టుకుని లెక్క చేయించాలి, అదీ అసలు ఖాతాలు వాడే రకమే అయ్యుండాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 2016లో దొరికిపోయింది ఇక్కడే: లేని యూజర్లకి బ్లోఫిష్ హ్యాష్, ఉన్నవాళ్లకి షా. పొడవాటి పాస్‌వర్డ్ పంపితే రెండింటి సమయాల్లో తేడా స్పష్టంగా కనబడింది.

ఇవన్నీ జాగ్రత్తగా రాస్తే తీరిపోయేవే. తీరనిది గడువు.

షాడో ఫైల్లో ఒక్కో యూజర్‌కి తొమ్మిది గళ్లు. మీరు చదివేది రెండోదాన్నే. ఎనిమిదో గడిలో ఖాతా గడువు ఉంటుంది, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజుల్లో. ఉద్యోగం మానేసిన మనిషి ఖాతాని మూయాలంటే తెలిసిన అడ్మిన్ యూజర్‌మాడ్ కమాండ్‌తో ఆ గడువుని 1 చేస్తాడు. 0 పెట్టడు, ఎందుకంటే 0ని గడువు లేదని చదివే ప్రోగ్రాములూ ఉన్నాయి. ఆ మనిషి హ్యాష్ మాత్రం చెక్కుచెదరదు. మీ ఇరవై లైన్ల ప్రోగ్రామ్ అతణ్ని దర్జాగా లోపలికి పంపుతుంది. మూడో గడి, ఐదో గడి కలిపి చెప్పే పాస్‌వర్డ్ వయసూ అంతే, మీకు కనబడదు. కంపెనీ యూజర్ల వివరాలు వేరే సర్వర్‌లో ఉంచే ఎల్‌డాప్‌తో, దాన్ని మెషీన్‌కి కలిపే ఎస్‌ఎస్‌ఎస్‌డీతో నడుస్తుంటే ఆ యూజర్ల హ్యాష్ మీ చేతికే రాదు.

పామ్ పుట్టిందే దీనికోసం. సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో ప్రతిపాదించింది, మరుసటి ఏడే రెడ్ హ్యాట్ లినక్స్‌లోకి వచ్చింది. స్లాక్‌వేర్ మాత్రం 2022లో 15.0 వచ్చేదాకా పంతం పట్టి దూరంగానే ఉంది. పామ్‌లో పాస్‌వర్డ్ సరిచూడడం ఒక పిలుపు, ఖాతాకి అనుమతి ఉందా అన్నది వేరే పిలుపు. పామ్ స్టార్ట్, పామ్ అథెంటికేట్ అయ్యాక పామ్ అకౌంట్ మేనేజ్‌మెంట్ పిలవాలి. ఇది వదిలేసిన కోడే ఎక్కువ కనబడుతుంది. అథెంటికేట్ సక్సెస్ అంటే పాస్‌వర్డ్ సరైనదని మాత్రమే, గడువు తీరిన ఖాతాకీ సక్సెస్ వస్తుంది. ఈ రెండో పిలుపు లేకపోతే పామ్ వాడీ షాడో ఫైలు చదివినట్టే. పామ్ అకౌంట్ మేనేజ్‌మెంట్ "కొత్త పాస్‌వర్డ్ కావాలి" అంటే, గడువు తీరినవాటికి మాత్రమే అన్న ఫ్లాగ్‌తో పాస్‌వర్డ్ మార్పించి ముందుకెళ్లాలి.

ఆ తర్వాత వరస తప్పకూడదు. ముందు ఇనిట్‌గ్రూప్స్ (యూజర్ గ్రూపులు పెట్టేది), తర్వాత పామ్ సెట్‌క్రెడ్ (యూజర్ అధికారాలు పెట్టేది), ఆపైన సెషన్ తెరవడం, అప్పుడు ఫోర్క్, అంటే పిల్ల ప్రాసెస్ పుట్టించడం. పిల్ల ప్రాసెస్‌లో గ్రూపు ముందు, యూజర్ ఐడీ తర్వాత మార్చాలి, సెట్‌యూఐడీ తిప్పిపంపిన విలువ తప్పక చూడాలి. తల్లి ప్రాసెస్ రూట్‌గానే ఉండి, పిల్ల ముగిశాక సెషన్ మూస్తుంది. ఎక్స్‌డీజీ రన్‌టైమ్ డైరెక్టరీ, ఫైళ్ల పరిమితులు, ఆడిట్‌లో లాగిన్ ఐడీ అన్నీ ఈ సెషన్ మాడ్యూల్స్ నుంచే వస్తాయి. నేరు దారిలో ఇవేవీ ఉండవు.

అనుమతుల దగ్గరా పామ్‌దే పైచేయి, ఒక మెలికతో. షాడో ఫైలు చదవాలంటే రూట్ కావాలి, డెబియన్‌లో అయితే షాడో గ్రూపు చాలు. గ్రాఫిక్స్ లైబ్రరీలు మోసే స్క్రీన్ లాకర్‌కి సెట్‌యూఐడీ అనుమతి (ఎవరు నడిపినా రూట్‌గా నడిపించే గుర్తు) ఇవ్వడం ప్రమాదం, జీటీకే అయితే అలా నడవనే నడవదు. పామ్ యూనిక్స్ మాడ్యూల్ తన బదులు యూనిక్స్ చెక్‌పీడబ్ల్యూడీ అనే చిన్న సహాయక ప్రోగ్రామ్‌ని పంపుతుంది. అది పిలిచినవాడి సొంత పాస్‌వర్డ్ మాత్రమే సరిచూస్తుంది. లాకర్‌కి అది చాలు. అడ్మిన్ ప్యానెల్‌కి చాలదు: రూట్‌గా పరీక్షిస్తే అన్నీ సరే, సర్వీస్ యూజర్ కింద పెట్టగానే ప్రతి పాస్‌వర్డూ తప్పే.

పామ్‌లో విసుగు పుట్టించేవి లేకపోలేదు. పామ్ అడిగే ప్రశ్నలకి జవాబిచ్చే కన్వర్సేషన్ ఫంక్షన్ రాయాలి. వచ్చిన ప్రతి ప్రశ్నకీ పాస్‌వర్డే ఇచ్చేస్తే ఓటీపీ మాడ్యూల్ పెట్టిన రోజున అంతా తిరగబడుతుంది. జవాబుని మాలాక్ చేసి ఇవ్వాలి, విడిపించేది పామే. టెర్మినల్ ప్రోగ్రామ్ అయితే సిద్ధంగా ఉన్న మిస్క్ కన్వ్ వాడేసుకోండి. తప్పు పాస్‌వర్డ్‌కి దాదాపు 2 సెకన్లు ఆగుతుంది, ఒకే థ్రెడ్ మీద నడిచే సర్వర్ ఆ కాసేపూ స్తంభిస్తుంది. మాడ్యూల్స్ మీ ప్రాసెస్‌లోకే లోడ్ అవుతాయి, అవి కూలితే మీరూ కూలుతారు. మీ సర్వీస్ పేరుతో ఈటీసీలోని పామ్ డాట్ డీ డైరెక్టరీలో ఫైలు పెట్టడం మర్చిపోతే "అదర్" అనే ఫైలు అమలవుతుంది. డెబియన్‌లో అది మామూలు లాగిన్ నియమాలే వాడుతుంది, ఫెడోరాలో అందరినీ గెంటేస్తుంది. "డెబియన్‌లో నడిచింది, ఇక్కడ నడవట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఓపెన్‌బీఎస్‌డీలో పామ్ లేదు, బీఎస్‌డీ ఆథ్ ఉంది. సరిచూసే పని విడి ప్రాసెస్‌లో జరుగుతుంది, ఆథ్ యూజర్‌ఓకే అనే ఒక్క పిలుపుతో సరి. డిజైన్ పామ్ కన్నా శుభ్రం, కానీ లినక్స్‌లో దొరకదు. ఫ్రీబీఎస్‌డీ, మ్యాక్‌ఓఎస్‌లలో ఓపెన్‌పామ్ ఉంది, లినక్స్‌కి రాసినది చిన్న మార్పులతో నడుస్తుంది.

నేరుగా షాడో చదవడం ఎక్కడ సబబంటే, పామ్ లోడ్ కాని చోట. సిస్టమ్ సగంలో ఆగిపోయినప్పుడు రూట్ పాస్‌వర్డ్ అడిగే సులాగిన్ అలాగే చేస్తుంది. బిజీబాక్స్ (చిన్న సిస్టమ్‌లకి వాడే కమాండ్ల మూట) మీద ఒకే ఖాతాతో నడిచే చిన్న బోర్డుకీ అది చాలు. ఒక మనిషికి మించి లాగిన్ అయ్యే మెషీన్ ఏదైనా సరే, పామ్ వైపే వెళ్లండి.

ఏ దారిలో రాసినా మామూలు ఖాతాతో పరీక్షించి వదిలేయకండి. మూడు ఖాతాలు చేసుకోండి: పాస్‌డబ్ల్యూడీ కమాండ్‌కి -ఎల్ ఇచ్చి లాక్ చేసినది, యూజర్‌మాడ్‌తో గడువు 1 పెట్టినది, చేజ్ కమాండ్‌కి -డీ 0 ఇచ్చి పాస్‌వర్డ్ మార్చి తీరాల్సినది. మొదటి రెండూ లోపలికి రాకూడదు, మూడోది కొత్త పాస్‌వర్డ్ అడగాలి. పామ్ నియమాలను మాత్రం విడిగా పరీక్షించడానికి పామ్‌టెస్టర్ ఉంది. దానికి సర్వీస్ పేరు, యూజర్ పేరు ఇచ్చి, అథెంటికేట్‌తో పాటు అకౌంట్ మేనేజ్‌మెంట్ కూడా నడిపించి చూడండి.