మూడున్నరేళ్ల గుడ్డ డైపర్లు: గొడవంతా నీళ్లతోనే

పిల్లలకి గుడ్డ డైపర్లు వాడుతున్నానని తెలిస్తే చాలు, కొత్తగా తల్లులైన వాళ్లు ఎన్ని కొనాలి, ఏ కంపెనీవి కొనాలి అని అడుగుతారు. మీ ఇంట్లో ఏ నీళ్లొస్తాయో ముందు చెప్పండి అంటాను నేను. నన్నో రకంగా చూస్తారు. నా కోపమంతా ఆ నీళ్ల మీదే కాబట్టి ఈ సమీక్షలో ముప్పాతిక భాగం వాటి గురించే ఉంటుంది. బటన్లు ఎన్ని వరసలు, ఏ బరువుకి ఏ సైజు, ఏ బొమ్మలు ముద్దుగా ఉన్నాయి లాంటివి అమ్మేవాళ్లే చెబుతారు.

మేముండేది హైదరాబాద్‌లో, మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. మాకు మంజీరా నీళ్లు, అంటే ఆ నది నుంచి వచ్చే కుళాయి నీళ్లు, రోజు విడిచి రోజు వస్తాయి. మిగతా రోజుల్లో బోరు, ఎండాకాలం వస్తే ట్యాంకరు. పాప డిసెంబరులో పుట్టింది. పదహారు డైపర్లు కొన్నాం (ఒక్కోదానికి తడి బయటికి రాకుండా ఒక పై కవరు, లోపల తడి పీల్చే ఇన్సర్టు అనే దళసరి గుడ్డ), తనకి రెండేళ్ల మూడు నెలలు వాడాం. మధ్యలో ఎనిమిది నెలలు అటకెక్కించి, ఇప్పుడు అవే బాబుకి వేస్తున్నాం.

అత్తయ్యకి ఇది మొదటి నుంచీ నచ్చలేదు. పెట్టె విప్పుతుంటేనే అన్నారు: "ముగ్గురు పిల్లల గుడ్డలు ఉతికి ఉతికి నా చేతులు కాయలు కాశాయి. ఇప్పుడు హాయిగా హగ్గీసులు వచ్చాయి కదమ్మా, మళ్లీ నీకెందుకీ తద్దినం?" పాతకాలం వాళ్లు సంతోషిస్తారనుకున్న నేను కాస్త చిన్నబుచ్చుకున్నాను.

మొదటి అయిదు నెలలూ బ్రహ్మాండం. ఆ ఊపులో ఆఫీసులో ముగ్గురి చేత కొనిపించాను. రాత్రంతా ఆగుతుందని కూడా చెప్పాను. నిజానికి అప్పట్లో పాప రాత్రి రెండింటికి పాలకి లేచేది, అప్పుడు మార్చేదాన్ని. ఆ ముక్క వాళ్లకి చెప్పినట్టు గుర్తు లేదు.

మే నెలలో మొదలైంది కథ. వేసిన అరగంటకే తొడల పక్క నుంచి కారిపోవడం. పరుపు, సోఫా, నా చుడీదార్, అన్నీ అయ్యాయి. విజయవాడలో బంధువుల గృహప్రవేశానికి వెళ్తే, పెద్దమామయ్యగారు పాపని ముచ్చటగా ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. కొత్త పట్టుపంచె. డైపర్ మార్చి ఇరవై నిమిషాలు కూడా కాలేదు. ఆయన "పర్లేదమ్మా, చంటిపిల్ల కదా" అన్నారు కానీ, పంచె పట్టుకుని పెరట్లోకి వెళ్తున్న అత్తయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

సైజు చిన్నదైందనుకుని బటన్లు మార్చాను. చాలడం లేదనుకుని లోపల పెట్టే మైక్రోఫైబర్ ఇన్సర్టులు ఇంకో ఆరు కొన్నాను. ఒకటికి రెండు పెట్టినా అంతే. పైగా పొద్దున్నే డైపర్ విప్పితే కళ్లు మండేంత అమ్మోనియా వాసన. నాలుగు రోజులకి పాప ఒళ్లు ఎర్రగా కందిపోయింది. పిల్లల డాక్టరుగారు వారం పాటు గుడ్డవి ఆపేయమన్నారు.

ఆ వారంలో ఒక రాత్రి ఉతికి ఆరిన ఇన్సర్టు మడత పెడుతూ, ఏమీ తోచక చెంచాతో దాని మీద నాలుగు చుక్కల నీళ్లు పోశాను. ఇంకలేదు. చేమాకు మీద పడ్డట్టు ముత్యాల్లా నిలబడ్డాయి. గుడ్డని కాస్త వంచితే దొర్లుకుంటూ వచ్చి నా వేలి మీద పడ్డాయి. పీల్చుకోవడానికని కొన్న గుడ్డ నీళ్లని తోసేస్తోంది!

తప్పు ఎక్కడుందో తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా బోరు నీటి పరీక్ష కాగితం సెక్రటరీగారి దగ్గర ఉంటే అడిగి చూశాను. కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగి ఉండే కాల్షియం లాంటి లవణాలు, లీటరుకి 640 మిల్లీగ్రాములు. తాగే నీళ్లకి మన దేశ ప్రమాణం 200, వేరే దారి లేకపోతే 600 దాకా. అలాంటి నీళ్లలో ఉతికి ఎండలో వేస్తే ఇన్సర్టులు అప్పడాల్లా బిరుసెక్కేవి. పాపకి గుచ్చుకుంటాయని నేను ప్రతి ఉతుకులో ఒక మూత ఫ్యాబ్రిక్ కండిషనర్ పోసేదాన్ని. అది మెత్తగా చేసేదే పోగుల మీద జిడ్డుపూత పూసి. దానికి తోడు పాప ఒళ్లంతా పట్టించే కొబ్బరినూనె, క్రీములు. బిరుసు తగ్గించబోయి పీల్చే గుణాన్నే పోగొట్టుకున్నాను.

ఉతికిన ఇన్సర్టులన్నిటినీ బకెట్టెడు వేడినీళ్లలో వేసి, పొడి వెయ్యకుండానే కర్రతో తిప్పాను. అప్పుడే సర్ఫ్ కలిపినట్టు నురగ లేచింది. కింద తెల్లగా బియ్యం కడిగిన నీళ్లలా దిగింది. మంజీరా నీళ్లలో నాలుగు సార్లు జాడిస్తే గానీ ఆ నురగ ఆగలేదు. ఆ ఉత్సాహంలో గిన్నెలో మరిగించిన బట్టల్లోకి పొరపాటున ఒక పై కవరు కూడా జారిపోయింది. దాని లోపలి వైపు నీళ్లు బయటికి రాకుండా పల్చటి పాలియురేతేన్ పొర ఉంటుంది. అది పూరీలా బుడగలు కట్టి ఊడొచ్చింది. పదహారు పదిహేనయ్యాయి.

తర్వాత కూడా ఒక తప్పు చేశాను. పేరుకునేది సబ్బే కదా అని పొడి సగానికి తగ్గించాను. వాసన ఇంకా పెరిగింది. గట్టి నీళ్లలో పొడి సగం ఆ కాల్షియంతో కుస్తీ పట్టడానికే పోతుంది, మురికి మురికిలాగే ఉండిపోతుంది. కుంకుడుకాయ రసం కూడా ప్రయత్నించాను, చేతికి హాయిగా ఉంది, డైపర్‌కి మాత్రం ఏమీ కాలేదు. చివరికి కుదిరిన పద్ధతి ఇదీ: పొడి నిండు కొలత, దాంతో ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా (నీళ్లలోని కాల్షియాన్ని అది పట్టేసుకుంటుంది), ఉతుకు మంజీరా నీళ్లొచ్చే రోజే, ఒక జాడింపు ఎక్కువ. కండిషనర్ ఇంట్లోకి రాలేదు మళ్లీ. దొడ్డికి చేస్తే జెట్ స్ప్రేతో కొట్టి బకెట్లో వెయ్యడం పెద్ద పనేం కాదు, అందరూ భయపడేది దానికే గానీ.

ఇన్సర్టులు దారికొచ్చాయి అనుకునేలోపు జులై వచ్చింది. రెండు రోజులు ఫ్యాను కింద వేసినా ఆ దళసరి ఇన్సర్టులు లోపల చెమ్మగానే ఉండేవి. ఒక మధ్యాహ్నం పొడివి ఒక్కటీ మిగల్లేదు. మామయ్యగారి పాత నూలు పంచె చింపి చదరాలు చేసి, ఎనిమిది మడతలు పెట్టి కవర్లో పెట్టాను. ఆపింది. ఉతికి విప్పి ఆరేస్తే ఒంటిపొర గుడ్డ కదా, ముసురులో కూడా సాయంత్రానికి ఆరిపోయింది. ఒంటిపొర కాబట్టే సబ్బు కూడా లోపల దాక్కోదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసి, "దీనికి ఇన్ని వేలు పోశావా?" అని చక్కా వచ్చి నాకంటే వేగంగా మడతలు పెట్టేశారు. అలాగని ఆవిడ మారిపోయారనుకోకండి. నేను ఆఫీసుకి వెళ్తే బాబుకి ఇప్పటికీ పడేసే డైపరే వేస్తారు. సాయంత్రం చెత్తబుట్ట చూస్తే తెలుస్తుంది.

కాబట్టి నేను బాగుందంటున్నది పై కవర్ల గురించి. మైక్రోఫైబర్ ఇన్సర్టులు ఇప్పుడు బండి తుడవడానికి వెళ్లాయి. కవర్లలో ఆరింటికి ఎలాస్టిక్ వదులైతే టైలరు దగ్గర మార్పించాను.

డబ్బు మిగిలిందా అంటే, మిగిలింది. మా ఆయన లెక్కేసినంత కాదు. ఆయన పన్నెండు రూపాయల డైపరు రోజుకి నాలుగు చొప్పున లెక్కేస్తారు. అనవసరంగా కొన్న ఇన్సర్టులు, రాత్రుళ్లకి, ప్రయాణాలకి కొన్న మామూలు డైపర్లు అందులో ఉండవు. పర్యావరణం సంగతి నాకే పూర్తిగా తేలలేదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వేసిన లెక్కలో, రెండున్నరేళ్లకి పడేసే డైపర్ల వల్ల సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన ఉద్గారాలైతే, గుడ్డవాటి వల్ల 570. గాలికి ఆరేసి, మెషిన్ నిండా వేసి, రెండో బిడ్డకీ వాడితే గుడ్డవి బాగా తగ్గుతాయట. ఆ మూడూ మేం చేస్తున్నాం. అయినా మేలో ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ, వచ్చిన నీళ్లతో డైపర్లు జాడిస్తుంటే మనసు ఒప్పుకోదు. మరోవైపు, మా ఇంటి చెత్త ఆటోలో జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దారి పడుతుందన్న సంగతి గుర్తొస్తే పడేసేవీ సుఖంగా వెయ్యలేను.

పడేసేవాటి బదులు ఇంట్లో వాడి చూసిన మిగతా వాటి గురించి రెండు మాటలు. తడి వైప్స్ బదులు పాత బనియన్ ముక్కలు పెట్టాం, వాటికి వంక లేదు. నెలసరికి వాడే గుడ్డ ప్యాడ్లకి కూడా డైపర్ల జబ్బే వచ్చింది. నాకు బాగా కలిసొచ్చింది మెన్‌స్ట్రువల్ కప్పు (ప్యాడ్ బదులు లోపల పెట్టుకునే చిన్న మెత్తటి కప్పు), ఎందుకంటే దానికి ఒక గిన్నెడు నీళ్లు చాలు, ఆరేసే పని లేదు. అలవాటు కావడానికి మూడు నెలలు పట్టింది.

మా చెల్లి రాజమండ్రిలో ఇవే డైపర్లు, ఇవే ఇన్సర్టులు, గోదావరి కుళాయి నీళ్లతో రెండేళ్లుగా వాడుతోంది. నీకు ఏ గొడవా రాలేదా అంటే, "గొడవేంటక్కా, గుడ్డే కదా" అంటుంది. దాని ఇంట్లో పని చేసే మనిషి ఉంది, ఎండ పడే డాబా ఉంది. అది సమీక్ష రాస్తే అయిదుకి అయిదు నక్షత్రాలు ఇస్తుంది. నేను మాత్రం బోరు నీళ్లే దిక్కయిన వాళ్లకి పదహారు వద్దు, నాలుగు కవర్లూ ఒక పాత పంచెతో మొదలుపెట్టమని చెబుతాను. ఇంట్లో ఉతికే మనిషి ఒక్కరే అయితే ఆ నాలుగు కూడా ఆలోచించుకుని కొనండి.

బాబుకి ఇప్పుడు ఏడో నెల. నిన్న రాత్రి పడేసే డైపరే వేశాను. బయట ముసురు, పైగా తెల్లారితే బోరు నీళ్ల రోజు.