ఇంట్లో ఒకే నెట్, రెండు సిస్టమ్‌లు: కొన్నేళ్లు వాడాక నా మాట

మా ఇంట్లో ఫైబర్ డబ్బా, అంటే నెట్ కంపెనీ పెట్టిన వైఫై పెట్టె, కింద హాల్లో ఉంది. దాని పక్క గదిలో మా ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్. నా డెస్క్‌టాప్ పై అంతస్తులో ఉంది, సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పేది దాని మీదే. కనెక్షన్ 100 ఎంబీపీఎస్. రెండు సిస్టమ్‌లకి అది చాలుతుందా అని చాలామంది అడుగుతుంటారు. చాలడమే కాదు, మిగులుతుంది. వీడియో కాల్ ఒకటి మూడు, నాలుగు ఎంబీపీఎస్ మించి తినదు. ప్యాక్ పెంచుకోమని ఫోన్లు వస్తూనే ఉంటాయి, నేను వద్దంటూనే ఉంటాను. అసలు తంటా అంతా ఆ 100ని పైదాకా తెచ్చుకోవడంలో ఉంది.

మధ్యలో అడ్డం స్లాబు. 5 గిగాహెర్ట్జ్ వైఫై దాన్ని దాటేసరికి నీరసించిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది దాటుతుంది గానీ మా వీధిలో ఇంటింటి డబ్బా ఆ బ్యాండ్‌లోనే ఉంది. ఒకదాన్నొకటి తగలకుండా అందులో ఉన్న ఛానళ్లు మూడే: 1, 6, 11. అందుకే పగలంతా బాగుండే నెట్, సరిగ్గా క్లాసు వేళకి నత్తనడక పట్టేది.

ముందు మెట్ల మలుపులో రిపీటర్ పెట్టాం. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో ఇటు వింటుంది, అటు పంపుతుంది. దాంతో వేగం దాదాపు సగమైపోతుంది. ఫోన్లకి పర్వాలేదు, క్లాసుకి మాత్రం దండగ. ఇప్పుడది మా అత్తగారి గదిలో, ఆవిడ సీరియళ్లకి పనికొస్తోంది.

ఆ తర్వాత కింది డబ్బా నుంచి పైదాకా క్యాట్ 6 అనే నెట్ వైరు లాగించాం. నా దృష్టిలో ఐదుకి ఐదు మార్కులు దీనికే. కాకపోతే కొనేటప్పుడు జాగ్రత్త. చవగ్గా దొరికేవాటిలో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం వైర్లు, నాలుగుసార్లు వంచితే లోపల పుటుక్కుమంటాయి. అచ్చమైన రాగిదే అడిగి తీసుకోండి. ఎలక్ట్రీషియన్ కరెంటు పైపులోంచే లాగేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు, గోడ బయట విడిగా పీవీసీ పైపు వేయించాను. కరెంటు తీగలతో కలిపి లాగితే ప్రమాదం, పైగా సిగ్నల్‌కీ చేటే.

వైరు చివర్లకి క్లిప్పులు బిగించాక లింక్ స్పీడ్, అంటే వైరు మీద కుదిరిన వేగం, చూసుకోండి. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ దగ్గర 1000 అని చూపించాలి. 100 అనుంటే ఎనిమిది తీగల్లో ఏదో సరిగా నొక్కుకోలేదని అనుమానించాలి. 100కి నాలుగు తీగలు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. అందుకే మిగతా నాలుగింటిలో ఒకటి తెగినా నెట్ వస్తూనే ఉంటుంది, లోపం ఉన్నట్టు ఎవరికీ తెలియదు. కంపెనీ ఇచ్చే కొన్ని డబ్బాల్లో ఒక్క పోర్టే గిగాబిట్‌ది (1000ది), మిగతావి 100వే. అదీ చూసుకోవాలి. 100 ప్యాక్‌కి దీనివల్ల పెద్దగా నష్టం లేదు గానీ, రెండు సిస్టమ్‌ల మధ్య పెళ్లి వీడియోలు పంపుకునేటప్పుడు తేడా కళ్లకి కడుతుంది.

వైరుతోనూ తీరని బాధ ఒకటి మిగిలింది. మా ఆయన పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టగానే పైన నా గొంతు ముక్కలయ్యేది. స్పీడ్ టెస్ట్ చేస్తే అంతా భేష్. జరిగేది ఏమిటంటే, ఆ ఫైలు చిన్న చిన్న ముక్కలుగా (ప్యాకెట్లుగా) వెళ్తుంది, అవన్నీ డబ్బాలో బారులు తీరతాయి. నా మాట మోసే చిన్న ప్యాకెట్ వాటి వెనకాల, రేషన్ షాపు క్యూలో చివరన నిలబడ్డట్టు నిలబడాలి. ప్యాక్ పెంచితే ఈ క్యూ పోతుందన్న నమ్మకం లేదు. క్యూఓఎస్, అంటే ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో తేల్చే ఏర్పాటు, ఉన్న రౌటర్ విడిగా కొని, అప్‌లోడ్ హద్దు 85 ఎంబీపీఎస్ దగ్గర కట్టేశాను. కాస్త వేగం వదులుకుంటే బారు మన రౌటర్ చేతిలోకి వస్తుంది, అది కాల్స్‌ని ముందుకు పంపుతుంది. ఆ రోజు నుంచి క్లాసు మధ్యలో “టీచర్, వినపడట్లేదు” అన్న మాట దాదాపు లేదు. కంపెనీ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లోకి (నెట్‌ని మన రౌటర్‌కి అందించి ఊరుకునే పద్ధతిలోకి) మార్పించుకోవడమే పెద్ద పని, దానికి బతిమాలాల్సి వచ్చింది.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునేలోపు డబ్బా ఒక్కసారి ఆరి వెలుగుతుంది, మళ్లీ నెట్ వచ్చేసరికి రెండు, మూడు నిమిషాలు. చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెడితే ఆ గొడవ లేదు. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి కొనండి. డబ్బా, రౌటర్ రెండింటికీ ఉండాలి, ఒక్కదానికే పెడితే లాభం లేదు.

ఫైబర్ తెగి డబ్బా మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ లేదని చెప్పే) ఎర్ర లైటు వెలిగిన రోజుకి పాత చిట్కా ఒకటుంది. 1999లో విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌తో వచ్చిన ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్, అంటే ఒక సిస్టమ్ నెట్‌ని ఇంకోదానికి పంచే సదుపాయం, ఇప్పటి విండోస్‌లోనూ ఉంది. ఫోన్‌ని యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి తగిలించి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని సిస్టమ్‌కి ఇవ్వడం) ఆన్ చేయాలి. పైకి వెళ్లే వైరుని రౌటర్ నుంచి పీకి ల్యాప్‌టాప్‌కి గుచ్చి, ఫోన్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ టిక్ పెట్టాలి. పైన 192.168.137తో మొదలయ్యే అడ్రస్ వస్తే పని అయినట్టే. ఫోన్ డేటా ఎంత మిగిలిందో చూసుకుని మొదలుపెట్టండి. ఇంకొకటి, ల్యాప్‌టాప్ నిద్రపోతే పైన నెట్ పోతుంది. అలాంటి సాయంత్రాల్లో మూత వేయొద్దని మా ఆయనకి ముందే చెప్పి పైకి వెళ్తాను.