పగటి మ్యాచ్‌ల కోసం కొన్న టీవీ పగలే మసకబారింది

కంపెనీ పేరు, మోడల్ నంబరు రాయడం లేదు. 2023 వరల్డ్ కప్‌కు ముందు కొన్నది, ఆ మోడల్ ఇప్పుడు షాపుల్లో లేదు. 65 అంగుళాల మినీ ఎల్‌ఈడీ (తెర వెనక చిన్న చిన్న లైట్లు వెలిగే రకం) అంటే చాలు, మిగతా వివరాలు ఏ పెట్టె మీదైనా ఉండేవే. నా బాధంతా ఒక్క దాని గురించి. గదిలో వెలుతురును బట్టి తెర వెలుగును తనంతట తానే మార్చుకునే సెన్సార్ ఒకటి ఉంటుంది. ఇంట్లో ఏ వస్తువూ నన్ను దాని అంతగా ఏడిపించలేదు.

మాది కడప, ఎర్రముక్కపల్లి వైపు. హాలుకు దక్షిణాన రెండు పెద్ద కిటికీలు, నేలకు తెల్ల టైల్స్. కర్టెన్లు వేస్తే గాలి ఆడదని నాయన ఒప్పుకోడు. కడప అనగానే టీవీకి కష్టమంతా ఎండాకాలంలోనే అనుకుంటారు. మా హాల్లో అది తిరగబడింది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంటుంది, సజ్జ దాటి లోపలికి రాదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ నేరుగా వచ్చి టైల్స్ మీద పడుతుంది, అక్కడి నుంచి కళ్లలోకి. పెద్ద టీవీ కొనేవాళ్లు తమ హాలును చలికాలంలో కూడా ఒకసారి చూసుకోవాలి.

ఈ వెలుతురు వల్లే ఓఎల్‌ఈడీ, అంటే వెనక లైటు లేకుండా తెరలో ప్రతి చుక్కా తనే వెలిగే రకం, వద్దనుకున్నాను. చీకటి సీన్లలో దానికి సాటి లేదు గానీ, తెర మొత్తం వెలగాల్సి వస్తే అది వెలుగు తగ్గించుకుంటుంది. క్రికెట్ అంటే తెర నిండా పచ్చటి మైదానమే కదా. ప్రకటనల్లో ఊదరగొట్టే నిట్స్ (తెర వెలుగు కొలత) లెక్క కూడా చాలాసార్లు తెరలో చిన్న ముక్కకే వర్తిస్తుంది. ఆ వరల్డ్ కప్‌లో మధ్యాహ్నం రెండు గంటల మ్యాచ్‌లు కిటికీలు బార్లా తెరిచి చూశాం. బంతి కనపడలేదన్న మాట ఎవరి నోటా రాలేదు. బంధువులకు కూడా ఇదే కొనుక్కోమని గట్టిగా చెప్పాను.

మరుసటి ఏడాది దసరా ఆఫర్లో అదే కంపెనీ సౌండ్‌బార్ (పొడవాటి స్పీకర్) కొన్నాం. వాళ్లు పంపిన మనిషే వచ్చి, టీవీకి ముందు బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి పోయాడు. డైలాగులు స్పష్టంగా వినపడుతున్నాయని అందరికీ సంతోషం. బొమ్మ కాస్త డల్‌గా ఉందని మా అమ్మాయి అంటే ఎవరం పట్టించుకోలేదు.

2024 డిసెంబర్ 28, శనివారం. మెల్‌బోర్న్ టెస్టు మూడో రోజు. నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీకి దగ్గర పడుతున్నాడని పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. హాలంతా ఎండ. తెర మీద మనుషులు నీడల్లా కదులుతున్నారు. "ఆడ మబ్బు పట్టినట్టుంది లేరా" అన్నాడు నాయన. ఆ రోజు అక్కడ నిజంగానే వాన పడింది, చివరికి వెలుతురు చాలక ఆట ముందే ఆపేశారు కూడా. అందుకని మేమూ నమ్మాం. తీరా మధ్యలో యాడ్ వస్తే అదీ మసకే. ఆస్ట్రేలియా బౌలర్ బోలండ్ బంతిని నితీశ్ ఫోర్ కొట్టి, సెంచరీ చేసి, మోకాలి మీద కూర్చుని బ్యాటుకు హెల్మెట్ తగిలించినప్పుడు మేమంతా మా అమ్మాయి ఫోన్ చుట్టూ మూగి ఉన్నాం. అంత డబ్బు పోసి కొన్న టీవీ ఎదురుగా ఉండగా!

వారంటీ అప్పటికే అయిపోయింది. సర్వీస్ నుంచి వచ్చినాయన టీవీ విప్పను కూడా లేదు. బ్యాక్‌లైట్ (తెర వెనక లైటు) పోతోంది, ప్యానెల్ మార్చాలి అని చెప్పిన రేటుకు ఇంకో చిన్న టీవీ వస్తుంది. మనసొప్పక వై.వి. స్ట్రీట్ దగ్గర పాత టీవీలు బాగుచేసే కుర్రాణ్ణి పిలిచాను. అతను సౌండ్‌బార్ వెనక్కి వంగి, ఫోన్ టార్చ్ వేసి టీవీ కింది అంచు మధ్యలో చూపించాడు. రెండు క్షణాల్లో తెర తెల్లగా వెలిగింది. టార్చ్ తీశాడు, మళ్లీ మసక.

"ప్యానెల్‌కేం కాలేదు న్నా. దీని కంటికి అడ్డం పెట్టినారు" అన్నాడు.

సెన్సార్ ఆ అంచులోనే ఉంది. సౌండ్‌బార్ నీడలో దానికి ఎప్పుడూ సాయంత్రమే. బయట ఎంత ఎండ కాసినా తెర వెలుగు పెంచదు. రెండూ ఒకే కంపెనీవి, పెట్టింది వాళ్ల మనిషే. ఆ కుర్రాడు డబ్బులు కూడా మొహమాటంగా తీసుకున్నాడు.

సౌండ్‌బార్‌ను కింది అరలోకి దించి, సెన్సార్ ఆఫ్ చేశాను. దాంతో పీడ వదల్లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక చూస్తే మళ్లీ ఆన్ అయి ఉంది. డాల్బీ విజన్ (వెలుగు, రంగులు ఇంకా బాగా చూపించే వీడియో రకం) సినిమా పెడితే దాని పిక్చర్ సెట్టింగులు వేరు, అక్కడ మళ్లీ మొదటి నుంచీ సరిచేసుకోవాలి. పెట్టె మీద స్టార్ల లేబుల్ కోసమే కరెంటు ఆదా ఆప్షన్లన్నీ ఆన్ చేసి పంపుతారని నా అనుమానం. అలాగని సెన్సార్ పూర్తిగా దండగ అనలేను. అది లేకపోతే రాత్రి తెర కళ్లలో గుచ్చుతుంది, రిమోట్‌తో తగ్గించుకోవాలి. ఆ పని ఇప్పుడు అమ్మాయిది.

బంధువులకు చెప్పినప్పుడు వదిలేసినవి కూడా ఇక్కడ చెప్పేస్తాను. పక్కన దివాన్ మీద కూర్చుంటే రంగులు పాలిపోయినట్టు కనిపిస్తాయి. రాత్రి లైట్లు ఆర్పితే సబ్‌టైటిల్స్ చుట్టూ వెలుగు మరక. మా టీవీ పడమటి గోడకు ఉంది కాబట్టి కిటికీ ప్రతిబింబం పెద్దగా పడదు. కిటికీ సరిగ్గా ఎదురుగా ఉంటే మాత్రం చీకటి సీన్లలో సినిమా బదులు మీ కిటికీనే చూస్తారు. అలాంటి హాలుకు మెరుపు లేని మ్యాట్ తెర వెతుక్కోవడం మేలు. ధర సంగతి ఎత్తితే నాకే కడుపు మంట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సైజు టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది.

మళ్లీ కొనాలంటే మా హాలుకు మినీ ఎల్‌ఈడీనే కొంటాను, షాపులోనే సెన్సార్ ఎక్కడుందో అడిగి మరీ. తిరుపతిలో మా తమ్ముడు ఓఎల్‌ఈడీ తెచ్చుకున్నాడు. వాళ్లది అపార్ట్‌మెంట్, హాల్లో పగలు కూడా లైటు వేసుకోవాలి. వాడు వాళ్లింట్లో సినిమా పెట్టి చూపించినప్పుడు నేను నోరెత్తలేదు.