కుక్క పళ్ళ పేస్టు: ట్యూబుకు మంచి మార్కులు, వేలి తొడుగుకు సున్నా

ముందే తేల్చి చెబుతాను. పేస్టు కొనండి. దానితో పాటు బ్రష్షుకు బదులంటూ దుకాణంలో అంటగట్టే రబ్బరు వేలి తొడుగును మాత్రం అక్కడే వదిలేసి రండి.

నేను వాడుతున్నది విర్‌బాక్ వారి సి.ఇ.టి. ఎంజైమ్ పేస్టు, కోడిమాంసం రుచిది. మా ఇంట్లో ఉన్నది తెల్ల పొమేరియన్, పేరు జిమ్మీ. చిన్న జాతి కుక్కలకు చిగుళ్ళ జబ్బు తొందరగా వస్తుంది. దవడ చూస్తే పిడికెడు, అందులో పెద్ద కుక్కకు ఉన్నట్టే 42 పళ్ళూ సర్దుకోవాలి. ఆ ఇరుకులో పాచి చేరుతుంది. తీయకపోతే రెండు మూడు రోజుల్లోనే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార కడుతుంది. గార కట్టాక ఏ బ్రష్షుకూ లొంగదు. ‘ఆదివారం ఒక్కపూట తోమితే చాలదా’ అని మా గుంటూరు బ్రాడీపేటలో నన్ను అడిగిన వాళ్ళందరికీ ఇదే చెప్పాను: రోజూ తోమగలిగితేనే ట్యూబు కొనండి.

పేస్టులో నురగ రాదు. ‘నురగైనా రాని దానికి ఇంత డబ్బు పోస్తారా అండీ’ అంది మా ఆవిడ. కుక్క పుక్కిలించి ఉమ్మదు, నోట్లో పెట్టింది పెట్టినట్టే మింగుతుంది. మన పేస్టులోని ఫ్లోరైడూ నురగ పదార్థాలూ దాని కడుపుకు పడవు. కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. అది కుక్క ఒంట్లోకి వెళితే ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగజిమ్మి రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బతినవచ్చు. ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. కాబట్టి పొదుపు చేసే చోటు ఇది కాదు. పద్దులు రాసి బతికేవాడిని, పొదుపు విలువ తెలియక అంటున్న మాట కాదు. పైగా ఒకసారికి శనగగింజంత చాలు.

ఈ పేస్టులో పనిచేసేవి గ్లూకోజ్ ఆక్సిడేజ్, లాక్టోపెరాక్సిడేజ్ అనే రెండు ఎంజైములు. మొదటిది కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టిస్తుంది. రెండోది దాన్ని లాలాజలంలోని థయోసయనేటుతో కలిపి, నోట్లో సూక్ష్మజీవులను అణిచే పదార్థంగా మారుస్తుంది. వినడానికి బాగుంది కానీ సగానికి పైగా పని బ్రష్షు రాపిడిదే అని నా అభిప్రాయం. పేస్టు గొప్పతనమంతా రుచిలో ఉంది. మూత తీసిన చప్పుడుకే జిమ్మీ మంచం కింద నుంచి బయటికి వస్తుంది. స్నానం అంటే మంచం కిందికి దూరే కుక్క ఇది!

మా మామగారిది తెనాలి. ‘కుక్కకు కూడా పేస్టా అల్లుడుగారూ? కాస్త కచ్చిక పెట్టి రుద్దండి, తళతళలాడతాయి’ అన్నారు. తళతళలాడే మాట నిజమే, పంటి పైపొర కూడా దానితో పాటే అరుగుతుంది. ఆయన పళ్ళు చూసే ధైర్యంగా అంటున్నాను.

ఇక ఆ వేలి తొడుగు. నా చూపుడువేలికి వదులు, బొటనవేలికి ఎక్కదు. దాని మీది రబ్బరు ముళ్ళు మొద్దుగా ఉండి చిగురు అంచు దాకా చేరవు. పైగా కుక్క దాన్ని ఆటబొమ్మ అనుకుని కొరుకుతుంది, లోపల ఉన్నది మన వేలు. దానికన్నా చిన్నపిల్లల మెత్తని బ్రష్షు నయం. పై పెదవిని పక్కకు ఎత్తి, బ్రష్షును చిగురు వైపు ఏటవాలుగా పెట్టి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ వెనక్కి వెళ్ళాలి. పై దవడలో వెనక వైపు మిగతావాటికన్నా పెద్దది ఒకటి కనిపిస్తుంది, మాంసం కోసే పన్ను. లాలాజల గ్రంథి నాళం దాని ఎదుటే తెరుచుకుంటుంది కాబట్టి గార ముందు అక్కడే కడుతుంది. సమయం లేని రోజు రెండు వైపులా ఆ ఒక్క పన్నూ తోమినా నయమే. లోపలి వైపు కోసం నోరు పెగల్చి యుద్ధం చేయకండి, నాలుక చాలావరకు చూసుకుంటుంది.

గుంటూరు వాళ్ళకు మాత్రం ఒక హెచ్చరిక. నేను మిర్చియార్డులో గుమస్తాను. తేజ రకం కాయల శాంపిళ్ళు పట్టుకున్న చేతిని ఎన్నిసార్లు కడిగినా ఘాటు గోళ్ళ సందుల్లో నిలుస్తుంది. ఆ వేళ్ళతో పెదవి ఎత్తితే కుక్క మళ్ళీ జన్మలో నోరు తెరవదు. అందుకే మా ఇంట్లో ఈ పని పొద్దున్నే, యార్డుకు బయలుదేరకముందే అయిపోతుంది.

పేస్టు బదులు బొమికలు వేస్తే సరిపోతుందనేవాళ్ళు చాలామంది. మా వీధి చివర లాబ్రడార్ ఒకటి ఆదివారం మటన్ నల్లి కొరికి, నేను పైన చెప్పిన ఆ పెద్ద పన్నే నిలువునా చీల్చుకుంది. గోటితో నొక్కితే నొక్కు పడనంత గట్టి వస్తువేదీ కుక్కకు నమలడానికి ఇవ్వకూడదు. కుక్క పళ్ళ కోసమని దుకాణాల్లో అమ్మే నమిలే పుల్లలు కొంత పనికొస్తాయి, అదీ కుక్క నిదానంగా నమిలితేనే. జిమ్మీ రెండు కొరుకుల్లో మింగేస్తుంది, దాని వల్ల పెరిగేది ఒళ్ళే.

పేస్టు చేయలేనిది కూడా చెప్పాలి. పచ్చగా, గోధుమరంగులో ఇప్పటికే కట్టిన గారను ఇది తీయదు. జిమ్మీకి ముందు రక్తపరీక్ష చేయించి, మత్తు ఇచ్చి డాక్టరుగారు గార తీశారు, కదులుతున్న ముందుపళ్ళు కూడా పీకేశారు. పేస్టు ఆ తర్వాతే మొదలుపెట్టాం. మత్తు లేకుండా గీకి తెల్లగా చేస్తామని చెప్పేవాళ్ళు ఉంటారు. చిగురు కింద ఉన్నది అలా రాదు, జబ్బు ఉండేది అక్కడే. కంపు కొట్టే నోరు, తోముతుంటే రక్తం, ఒకవైపే నమలడం కనిపిస్తే పేస్టు దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

కొనేవాళ్ళు ట్యూబు మడత మీద గడువు తేదీ చూసి తీసుకోండి. అరండల్‌పేటలో ఒక దుకాణంలో గడువు దాటినదే ముందు వరసలో పెట్టారు, అడిగితే ‘కుక్కకే కదండీ’ అన్నారు.