రష్యా దొరల ఎస్టేట్లు: కుస్కొవో, యాస్నయా పోల్యానా, స్పాస్కొయే

రష్యన్ నవలల్లోని భూస్వాముల లోకం చూడాలని మాస్కో వెళ్లేవాళ్లు చాలామంది నగరంలోనే ఉన్న కుస్కొవోతో సరిపెట్టుకుంటారు. అది చాలదు. అక్కడ కనిపించేది షెరెమెత్యెవ్ ప్రభువుల వేసవి వేడుకల వైభవం. అప్పులు చేస్తూ, కట్టురైతుల (దొర సొత్తుగా ఉండే సెర్ఫుల) చాకిరీ మీద ఏడాది పొడుగునా పల్లెలో బతికిన మామూలు దొరల్ని చూడాలంటే దక్షిణాన తూలా దాకానైనా వెళ్లాలి.

కుస్కొవోకు ఒక పూట ఇవ్వండి. 1769-75 మధ్య కట్టిన మహలు రాతి కట్టడంలా కనిపిస్తుంది గానీ అంతా కొయ్యే. అందుకే గాలిలో తేమ 80 శాతం దాటితే తలుపులు మూసేస్తారు. వాన పడే రోజు వెళ్తే తోట చూసి వెనక్కి రావాల్సిందే. సోమ, మంగళవారాలు సెలవు. కట్టురైతుల నాటకశాలకు పేరుపడ్డ ఒస్తాన్కినో మహలు 2013 నుంచి మరమ్మతుల్లో ఉంది, తెరిచారో లేదో కనుక్కున్నాకే బయల్దేరండి.

మాస్కో కూర్స్కీ స్టేషన్ నుంచి తూలాకు వేగం రైలులో రెండు, రెండున్నర గంటలు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు గానీ ఒక రాత్రి తూలాలో ఉంటే తొందరపడకుండా చూడొచ్చు. హోటల్లోనే దిగండి. విదేశీయుల నమోదు హోటలువాళ్లే చేస్తారు. అద్దె ఫ్లాటు అయితే అది యజమాని పని, చాలామంది ఒప్పుకోరు. తూలా నుంచి నవలాకారుడు టాల్‌స్టాయ్‌ ఎస్టేటు యాస్నయా పోల్యానా దాదాపు 14 కిలోమీటర్లు. ష్చోకినో వైపు బస్సెక్కి ఎస్టేటు మలుపు దగ్గర దిగితే ఇంకా కిలోమీటరు పైచిలుకు నడవాలి. పెద్దవాళ్లుంటే ట్యాక్సీ మేలు.

యాస్నయా పోల్యానాకు సోమవారం సెలవు. తోటకొక టికెట్టు, ఇంటికొక టికెట్టు. ఇంట్లోకి చిన్న చిన్న బృందాలుగా, చెప్పిన వేళకే పంపుతారు, బూట్లకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి. వేసవి శని, ఆదివారాల్లో ఇంటి టికెట్లు ముందే అయిపోతాయి. గైడు చెప్పేది రష్యన్‌లోనే, ఇంగ్లిష్ గైడు కావాలంటే ముందుగా మాట్లాడుకోవాలి. లోపల రెండు చోట్ల ఆగి చూడండి. టాల్‌స్టాయ్‌ పుట్టిన తోలు సోఫా ఒకటి, ఆయన పిల్లల్లో చాలామంది కూడా దాని మీదే పుట్టారు. రెండోది కింది అంతస్తులో కమాను కప్పున్న గది. తాతగారి కాలంలో అది సరుకుల కొట్టు, మాంసం వేలాడదీసిన ఇనుప కడియాలు కప్పుకు ఇంకా ఉన్నాయి.

గైడ్లు చాలామంది చప్పున దాటించేసే చోటు బయట ఉంది. మీరు చూసిన ఇల్లు కాదు, టాల్‌స్టాయ్‌ పుట్టిన పెద్ద భవనం వేరు, అది ఇప్పుడు లేదు. జూదం అప్పుల కింద 1854లో దాన్ని అమ్మేస్తే, కొన్నవాళ్లు విప్పి పట్టుకుపోయారు. చెట్ల మధ్య ఒక రాయి మాత్రం మిగిలింది. ఈ యాత్రలో అతి ముఖ్యమైన చోటు అదేనని నా అభిప్రాయం. 1847లో పంపకాల్లో ఆయన వాటాకు భూమితో పాటు సుమారు 330 మంది మగ కట్టురైతులు వచ్చారు. లెక్కల్లో మగవాళ్లనే చూపేవారు. మన జమీందారుకు దక్కింది శిస్తు వసూలు హక్కు, రష్యా దొరకు మాత్రం మనుషులే ఆస్తి. వాళ్లను తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు. ఒక జనగణనకూ మరోదానికీ మధ్య చనిపోయినవాళ్లు కాగితం మీద బతికే ఉండేవారు. రచయిత గొగోల్ ‘మృతజీవులు’ కథంతా అలాంటివాళ్లను కొని తాకట్టు పెట్టే కిటుకు మీదే నడిచింది. 1859 నాటికి కట్టురైతుల్లో మూడింట రెండొంతుల మంది తాకట్టులోనే ఉన్నారు. 1861లో విముక్తి ఇచ్చినప్పుడు ప్రభుత్వం ఆ అప్పులు మినహాయించుకున్నాకే దొరలకు పరిహారం ఇచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో వరసగా ఎస్టేట్లు అమ్ముడుపోవడానికి అదొక పెద్ద కారణం.

టాల్‌స్టాయ్‌ సమాధి దగ్గరికి అడవిలో నడవాలి. శిలువ లేదు, శిలాఫలకం లేదు, గడ్డి మొలిచిన మట్టిదిబ్బ అంతే. అక్కడ గట్టిగా మాట్లాడకండి. గేటు దగ్గరి కెఫేలో ఆ ఇంటి వంటకమైన నిమ్మకాయ ‘అన్కొవ్‌స్కీ’ పై దొరుకుతుంది. శాకాహారులు సూపు తాగే ముందు మాంసం ఉడికించిన నీళ్లతో చేశారేమో అడగాలి. గ్రేచ్కా (బక్‌వీట్ గింజల వంటకం), పన్నీరు లాంటి జున్నుతో చేసే సీర్నికీ అట్లు నిక్షేపంగా తినొచ్చు, గుడ్డు కూడా తిననివాళ్లు మాత్రం సీర్నికీ మానుకోవాలి.

నవలాకారుడు తుర్గేనెవ్‌ని చదివినవాళ్లు ఇంకో రోజు పెట్టుకుని ఆయన కుటుంబ ఎస్టేటు స్పాస్కొయే-లుతొవీనొవో వెళ్లాలి. మ్‌త్సెన్స్క్‌లో రైలు దిగాక ఓ పది కిలోమీటర్లు. బస్సులు తక్కువ, తిరుగు ప్రయాణానికి కూడా ట్యాక్సీని అక్కడే మాట్లాడుకోండి. ఇల్లు 1906లో కాలిపోయింది, ఇప్పుడున్నది 1976లో పాత నమూనా ప్రకారం కట్టినది. సామాను అంతకుముందే వేరేచోటికి తరలించడంతో దక్కింది. అంటే గోడలు కొత్తవి, కుర్చీలూ పుస్తకాలూ అసలువి. గొగోల్ మీద నివాళి రాసినందుకు 1852లో తుర్గేనెవ్‌ని ఇక్కడికే పంపి కట్టడిలో ఉంచారు. ‘ముమూ’ కథలోని కఠినురాలైన యజమానురాలికి మూలం ఆయన తల్లి వర్వారా పెత్రోవ్నా, ఈ ఎస్టేటు ఆవిడదే. ఆ కథ చదివి వెళ్తే గదులు వేరుగా కనిపిస్తాయి.

మన బ్యాంకుల వీసా, మాస్టర్ కార్డులు రష్యాలో 2022 మార్చి నుంచి పనిచేయవు. చిరుగులు, మరకలు లేని డాలర్ నోట్లు తీసుకెళ్లి మాస్కోలోనే మార్చుకోండి, పల్లెల్లో ఆ వీలుండదు. డ్రోన్ హెచ్చరికలప్పుడు తూలా, ఒర్యోల్ ప్రాంతాల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేస్తున్నారు. మ్యాపులు ముందే దించుకోండి, టికెట్లు కాగితం మీద ఉంచుకోండి. ఒర్యోల్ ప్రాంతం యుద్ధానికి దగ్గర కాబట్టి భారత ఎంబసీ సూచనలు చూసుకున్నాకే స్పాస్కొయే పెట్టుకోండి. పరిస్థితి బాగాలేకపోతే దాన్ని వదిలేసి యాస్నయా పోల్యానాకే రెండు రోజులివ్వండి.