చిన్న పిక్, బొటనవేలు, 81 మిల్లీమీటర్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

ఆరేళ్లుగా నేను ఎలక్ట్రిక్ గిటార్ తీగలు మీటడానికి వాడుతున్నది జాజ్ త్రీ ఆకారం పిక్. ఎర్ర నైలాన్, 1.38 మిల్లీమీటర్ల మందం. మామూలు పిక్ కంటే చిన్నది, మొన కాస్త సూదిగా ఉంటుంది. ఇప్పుడు చేతిలో ఉన్నది ఐదోది. దీన్ని కొన్నది ఒకే ఒక్క పని కోసం, పించ్ హార్మోనిక్స్ నేర్చుకోవాలని. కాబట్టి ఈ సమీక్ష కూడా ఎక్కువగా ఆ పని గురించే ఉంటుంది.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టిన గిటార్ గుర్రుమంటూ ఉండగా మధ్యలో ఒక స్వరం కీచుమని పైకి లేస్తుంది చూడండి, అదే పించ్ హార్మోనిక్. పిక్ తీగను మీటిన మరుక్షణం బొటనవేలి పక్క కండ ఆ తీగకు తగిలి తప్పుకోవాలి. అప్పుడు అసలు స్వరం అణిగిపోయి, దాని లోపల దాగి ఉన్న పై స్వరాల్లో ఒకటి బయటికి వస్తుంది. వేలు అక్కడే ఉండిపోతే తీగ మూగబోతుంది. ఆలస్యంగా తగిలితే మామూలు స్వరమే వినిపిస్తుంది.

మొదటి ఎనిమిది నెలలు గిటార్‌తో పాటు వచ్చిన పల్చటి పిక్‌తోనే కుస్తీ పట్టాను. అప్పట్లో నేర్పిన ట్యూటర్ ఒకటే మాట అనేవారు: "గెయిన్ పెంచు, గట్టిగా కొట్టు." గెయిన్ అంటే డిస్టార్షన్ మోతాదు. పెంచాను, కొట్టాను. పదిసార్లకు ఒకసారి వచ్చేది. అది ఎందుకు వచ్చిందో, మిగతా తొమ్మిదిసార్లు ఎందుకు రాలేదో అర్థమయ్యేది కాదు. పిక్‌ని బిగించి బిగించి బొటనవేలి కణుపు నొప్పి పుట్టి రెండు వారాలు గిటార్ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పల్చటి పిక్‌లోనే సగం సమస్య ఉంది. తీగకు తగలగానే అది వంగుతుంది. ఎంత వంగుతుందో మీటిన ప్రతిసారీ మారుతుంది. ఇక వెనకాలే వచ్చే వేలికి వేళ ఎలా కుదురుతుంది?

జాజ్ త్రీ వంగదు. మొదటి రోజే తేడా తెలిసింది. చిన్నది కావడంతో వేళ్ల మధ్య పెడితే దాదాపు మొత్తం లోపలే దాగిపోతుంది. మొన ఓ బియ్యపు గింజ వెడల్పు మాత్రం బయటికి కనబడాలి, అంటే రెండు మిల్లీమీటర్లు. అంతకంటే ఎక్కువ బయటికి ఉంటే బొటనవేలు తీగ దాకా రాదు. కిందికి మీటేటప్పుడు మణికట్టు కొద్దిగా తిరిగితే పిక్ దాటిన చోటే వేలి అంచు తీగను రాసుకుంటూ పోతుంది. పెద్ద పిక్‌తో కూడా ఇలా పట్టుకోవచ్చు, కాకపోతే దాని వెనక భాగం వేళ్లకు అడ్డం పడుతుంటుంది.

ఇంకో మార్పు కూడా అప్పుడే చేశాను. గెయిన్ పూర్తిగా తగ్గించి, డిస్టార్షన్ లేని క్లీన్ టోన్‌లో సాధన మొదలుపెట్టాను. క్లీన్‌లో ఈ హార్మోనిక్ అరవదు. దూరంగా గజ్జె మువ్వ కదిలినంత సన్నగా వినిపిస్తుంది. చెవి అటే పెట్టాలి. డిస్టార్షన్ చేసే పనల్లా ఆ చిన్న శబ్దాన్ని మిగతా వాటితో సమానంగా పైకి లేపడమే. అసలు మువ్వే మోగకపోతే లేపడానికేముంది, హోరు తప్ప. క్లీన్‌లో మూడు వారాలు రోజుకు ఇరవై నిమిషాలు చేశాక, పదికి ఆరు పడటం మొదలైంది.

అయినా ఒక చిక్కు మిగిలింది. హార్మోనిక్ వచ్చేది, కానీ ఏ స్వరం వస్తుందో చేతిలో ఉండేది కాదు. ఆ ముడి విప్పింది మా అక్క. అక్క కర్ణాటక సంగీతం నేర్చుకుంది, గిటార్ ముట్టుకోదు. సంక్రాంతికి ఇంటికొచ్చి, నేను మూడో తీగ ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీ) మీద అదే పనిగా వాయిస్తుంటే గుమ్మంలో నిలబడి విన్నది.

"ఒరే, ఇందాకటిది పంచమం. ఇప్పుడు పలికింది అంతర గాంధారం. ఒకే చోట నొక్కి రెండు స్వరాలు ఎలా తీస్తున్నావు?"

"నొక్కేది ఒకే చోట అక్కా. మీటే చోటు మారుతున్నట్టుంది."

"మరి ఆ చోటు గుర్తు పెట్టుకోరా!"

ఆ సాయంత్రమే స్కేలు తీసి కూర్చున్నాను. నా గిటార్ స్కేల్ లెంగ్త్, అంటే ఎక్కడా నొక్కకుండా ఆడే తీగ పొడవు, 25.5 అంగుళాలు, అంటే 648 మిల్లీమీటర్లు. ఐదో ఫ్రెట్ మీద నొక్కితే ఆడే తీగ పొడవు సుమారు 485. అందులో నాలుగో వంతు దగ్గర, బ్రిడ్జ్ (తీగలు కింది చివర ఆనే చోటు) నుంచి 121 మిల్లీమీటర్ల దూరంలో బొటనవేలు తగిలేలా మీటితే, నొక్కిన స్వరమే షడ్జమం అనుకుంటే, ఆ షడ్జమం రెండు స్థాయిలు పైన పలుకుతుంది. ఐదో వంతు, 97 దగ్గర గాంధారం. ఆరో వంతు, 81 దగ్గర పంచమం. అక్క చెవి చెప్పిందీ స్కేలు చెప్పిందీ ఒక్కటే. ఈ గాంధారం ఫ్రెట్ మీద నొక్కితే వచ్చే గాంధారం కంటే 14 సెంట్లు తక్కువ, సెంటు అంటే సెమీటోన్‌లో (పక్కపక్క ఫ్రెట్ల మధ్య తేడాలో) నూరో వంతు. శ్రుతి చక్కగా చేసిన తంబురలో ఎవరూ మీటకుండానే వినిపించే గాంధారం ఉంది కదా, అదే ఇది. ఆ మాట చెప్పినప్పుడు అక్క మొహం చూడాల్సింది.

పన్నెండో ఫ్రెట్ మీద నొక్కితే తీగ పొడవు 324. దాని నాలుగో వంతు మళ్లీ 81! ఐదో ఫ్రెట్ మీద పంచమం ఇచ్చిన చోటే ఇక్కడ షడ్జమం ఇస్తుంది, రెండూ పాశ్చాత్య పద్ధతిలో ఒకే జీ (G) స్వరం. అంటే కుడి బొటనవేలు ఎక్కడ తగులుతుందో ఆ కీచు స్వరం ఎత్తు అక్కడే నిర్ణయమవుతోంది. ఎడమచేయి చేసేదల్లా ఆ స్వరానికి తీగలో చోటు ఉండేలా చూడటమే. ఇది తెలిశాక పిక్‌గార్డ్ (తీగల కింది ప్లాస్టిక్ పలక) మీద 81, 97, 121 దగ్గర మూడు సన్నటి కాగితం టేపు ముక్కలు అంటించాను. నాలుగు నెలలు ఉంచి తీసేశాను. చేతికి అలవాటైంది.

పికప్ (తీగ కదలికను పట్టి ఆంప్‌లిఫయర్‌కి పంపే అయస్కాంతపు భాగం) సంగతి కూడా అప్పుడే తేలింది. నా గిటార్‌లో బ్రిడ్జ్ దగ్గర ఒకటి, మెడ (నెక్) వైపు ఒకటి ఉన్నాయి. బ్రిడ్జ్ పికప్‌లో గట్టిగా పలికే ఆ జీ, నెక్ పికప్‌కి మార్చగానే దాదాపు మాయమయ్యేది. కొలిచి చూస్తే నా నెక్ పికప్ ఉన్నది 162 దగ్గర, 81కి సరిగ్గా రెట్టింపు. ఆ స్వరం పలికేటప్పుడు తీగ అక్కడ కదలదు. కదలని తీగ పికప్‌కి వినబడదు. అందుకే కొత్తవాళ్లకు ఒకే మాట చెప్తాను, ముందు పికప్ స్విచ్‌ని బ్రిడ్జ్ వైపు తోసి, ఆ తర్వాత చేతిని అనుమానించండి.

గెయిన్ చాలా కావాలన్న నమ్మకం పోవాలంటే అమెరికన్ గిటారిస్ట్ రాయ్ బుకానన్‌ని వినండి. టెలికాస్టర్ గిటార్‌ని వాల్యూమ్ పెంచిన ఆంప్‌లిఫయర్‌లోకి పెట్టి 1970ల్లోనే ఈ స్వరాలు పిండాడాయన. జీజీ టాప్ (ZZ Top) బ్యాండ్ గిటారిస్ట్ బిల్లీ గిబ్బన్స్ వాయించినప్పుడు అది మాట మధ్యలో విరుపులా వస్తుంది, ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. మెటల్ గిటారిస్ట్ జాక్ వైల్డ్ (Zakk Wylde) దారి వేరు. లావు తీగల మీద హార్మోనిక్ తీసి, వెంటనే ఎడమచేత్తో తీగను బారెడు ఊపుతాడు. ఆ వైబ్రాటో నేర్చుకోవడానికి నాకు హార్మోనిక్ కంటే ఎక్కువ కాలం పట్టింది. ఊపు లేని హార్మోనిక్ ఈలలా వచ్చి ఆగిపోతుంది. ఊపు కలిస్తే గొంతులా ఉంటుంది. నా మటుకు నాకు ముగ్గురిలో గిబ్బన్స్ పొదుపే ఇష్టం. ప్రతి వరుసలోనూ కీచుమనిపిస్తే వినేవాళ్లకు విసుగొస్తుంది.

ఇక పిక్ దగ్గర కష్టాలు. విశాఖలో మా ఇల్లు సముద్రానికి దగ్గర. మే నెలలో చెమట చేతుల్లో ఇంత చిన్న నైలాన్ ముక్క నిలవదు, పాట మధ్యలో తిరిగిపోతుంది. పిన్నీసు మొనతో రెండు వైపులా అడ్డంగా నిలువుగా గీతలు గీసుకున్నాక పట్టు దొరికింది. కొత్త పిక్ తెచ్చినప్పుడల్లా మొదట చేసే పని అదే. రెండోది, సన్న తీగ చుట్టిన లావు తీగల మీద ఎక్కువ వాయిస్తే మొన అరిగి గుండ్రంగా అవుతుంది. చూస్తే తెలియదు, హార్మోనిక్స్ తప్పడం మొదలైతే తెలుస్తుంది. వెలుతురుకు ఎదురుగా కొత్తదాని పక్కన పట్టి చూడండి. మూడోది, అకూస్టిక్ గిటార్ మీద కార్డ్స్ (chords, ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వాయించడానికి ఇది వద్దు. మొత్తం తీగల మీద ఊపుగా కొడితే చేతిలోంచి జారుతుంది, శబ్దం కూడా పొడిగా ఉంటుంది. దానికి నేను పెద్ద పిక్ వేరే పెట్టుకున్నాను.

తీగల గురించి కూడా చెప్పాలి. నేను వేసేది 9-42 సెట్, అంటే అన్నిటికంటే సన్నది 0.009 అంగుళం, లావుది 0.042 అంగుళం. ఉప్పు గాలికి నెలన్నర తిరక్కుండానే తుప్పు చాయ వస్తుంది. పాత తీగలో పై స్వరాలు ముందు చచ్చిపోతాయి. ఏకంగా ఒక నెల నా చేతిదే తప్పనుకుని కుమిలిపోయాను, తీరా కొత్త తీగలు వేసిన పావుగంటలో అన్నీ తిరిగొచ్చాయి. వాయించాక పొడి గుడ్డతో తుడిచి కవర్‌లో పెడితే రెండు నెలలు లాగొచ్చు.

మొదలుపెట్టేవాళ్లు మూడో తీగ మీదే మొదలుపెట్టండి. నాకు అన్నిటికంటే త్వరగా లొంగింది అదే, ఆ తర్వాత నాలుగోది. ఒకటో తీగ మరీ సన్నం, వేలికి తగిలీ తగలనట్టు ఉంటుంది. పదిహేనో ఫ్రెట్ దాటాక ఆ తీగ మీద ఆరేళ్ల తర్వాత కూడా నాకు పదికి నాలుగు తప్పుతున్నాయి. ఐదో పిక్ మొన నిన్న వెలుతురులో చూశాను, అరిగింది. ఆరోదానికి ఈ ఆదివారం గీతలు గీసి, ఒకటో తీగ దగ్గర మళ్లీ క్లీన్ టోన్‌లో కూర్చుంటాను.